బ్రేకక్కకు జలుబు చేసింది

ఆమెను అసలు పేరు పెట్టి పిలిచేది బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ మాత్రమే. మిగతా ఊరంతటికీ ఆమె బ్రేకక్క. డ్రైవింగ్ నేర్పే కారులో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు గోడ మీదికో, గేటు మీదికో, పాపం తన దారిన తాను పోతున్న ఐస్‌క్రీం బండి మీదికో ఉత్సాహంగా దూసుకుపోతుంటే, ఆమె చెబుతున్న మాట ఆపకుండా, ముఖంలో రంగు మారకుండా ఆ బ్రేకు తొక్కేది. కారు ఆగాక, అవతలివాళ్ళే ఆపినట్టు, "బాగా ఆపారు. మళ్ళీ మొదలుపెడదాం," అనేది. ఆ ఒక్క మాట కోసమే జనం వరస కట్టి ఆమె దగ్గర చేరేవారు. టైర్ల కొట్టు మీద ఒక గది, కింద ఒక పాత తెల్ల కారు, తను. అంతే ఆమె స్కూలు.

ఆమెకు పుట్టుకతోనే సికిల్ సెల్ జబ్బు. గుండ్రంగా, మెత్తగా ఉండాల్సిన ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగి, బిరుసెక్కి, సన్నని రక్తనాళాల్లో ఒకదానికొకటి అడ్డుపడతాయి. అడ్డుపడిన చోటల్లా నొప్పి. చలిగాలి తగిలినా రావచ్చు, నీళ్ళు తాగడం మరిచినా రావచ్చు, ఏ కారణమూ లేకుండా చెప్పాపెట్టకుండా చుట్టంలా దిగిపోనూవచ్చు. "నాది రక్తం కాదు, ఆఫీసులు వదిలే వేళ ట్రాఫిక్," అని మొగుడి దగ్గర నవ్వేది.

మొగుడిది కళ్ళజోళ్ళ షాపు. పెళ్ళికి ముందు ఆమె ఆ షాపుకి నల్లద్దాల కోసం వెళ్ళింది. జబ్బు వల్ల కళ్ళలో తెల్లగుడ్డు కాస్త పసుపు పచ్చగా ఉంటుంది, దాన్ని దాచుకోవడానికి. అతను అద్దాలు చూపించి, సరిచేసి, చివరికి, "వద్దులెండి, ఈ కళ్ళకి నల్లద్దాలు అమ్మితే నాకు పాపం చుట్టుకుంటుంది," అన్నాడు. ఆమె పక్క షాపులో కొనుక్కుంది. కానీ మర్నాడు మళ్ళీ వచ్చింది.

జబ్బు సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప శిష్యులెవరికీ తెలియదు. చెబితే తప్పేముందని మొగుడు అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. "బ్రేకు తొక్కాల్సిన మనిషికే ఎప్పుడేమవుతుందో తెలీదంటే, నా కారెవరెక్కుతారు? నువ్వెక్కుతావా?"

"నేను నీ కారెక్కే కదా ఇంతవరకూ వచ్చాను," అనేవాడతను.

ఆ ఏడు వానలు ముదిరిన రోజుల్లో ఆమె దగ్గరకి సంగీతం టీచరు వచ్చేది. యాభైకి దగ్గర పడిన మనిషి. బడిలో పిల్లలకి పాటలు నేర్పుతుంది. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. తప్పులు చేసి కాదు, నెమ్మదితనం వల్ల. ఆవిడ కారు నడుపుతుంటే సైకిళ్ళే కాదు, నడిచేవాళ్ళు కూడా దాటిపోయి, వెనక్కి తిరిగి చూసేవారు. అలాంటావిడ ఒకరోజు గొంతు బొంగురుపోయి, ముక్కు ఎర్రబడి, చేతిలో రుమాలుతో దిగింది.

"బడికి రావద్దన్నారు. పాడలేను కదా. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను, కనీసం క్లచ్ అయినా పట్టుబడుతుందేమోనని," అంది సంగీతం టీచరు.

జలుబుతో వచ్చినవాళ్ళని వెనక్కి పంపెయ్యాలని బ్రేకక్కకు తెలుసు. జలుబు అందరికీ జలుబే, తన ఒంటికి మాత్రం అది అగ్గిపుల్ల. కానీ వెనక్కి పంపాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే దాచిపెట్టిందంతా బయటపడుతుంది. ఎవరెప్పుడు కూర్చుంటారోనని కారు అరలో మాస్కులు కూడా పెట్టుకుంది. ముఖం మీద దగ్గుతున్న మనిషి ఎదుట మాస్కు పెట్టుకుంటే ఏమనుకుంటుందోనని మొహమాటపడింది. బయట వాన. అద్దాలన్నీ మూసి ఉన్నాయి. సంగీతం టీచరు మొదటిసారి మూడో గేరు దాకా వెళ్ళింది. ఆ సంతోషంలో గట్టిగా దగ్గింది. బ్రేకక్క కూడా సంతోషించింది.

ఆ వారం దాటకముందే ఆమెకు గొంతు గరగరలాడింది. తర్వాత వణుకు. ఆ ఇంట్లో ఒక నియమం ఉంది. థర్మామీటరు ఎర్రగీత దాటితే చర్చల్లేవు, బండెక్కడమే. ఈ జబ్బున్నవాళ్ళకి జ్వరం ఎటు తిరుగుతుందో చెప్పలేమని చిన్నప్పటి నుంచీ డాక్టర్లు నూరిపోసిన మాట అది. అమ్మ అప్పటికే సంచి సర్దేసింది. అమ్మ వీళ్ళతోనే ఉంటుంది. కూతురికి ఊహ తెలిసిన దగ్గర్నుంచీ నీళ్ళ సీసా పట్టుకుని వెంట తిరుగుతున్న మనిషి. ఇంట్లో ఏ గది తలుపు తీసినా ఒక సీసా కనపడుతుంది.

ఆసుపత్రిలో ముక్కులోంచి నమూనా తీసి, ఇది ఫ్లూ వైరస్ అని తేల్చారు. ఛాతీ ఎక్స్‌రే తీశారు, ఊపిరితిత్తులు బాగున్నాయి. వైరస్‌కి మందు వేశారు, సెలైన్ పెట్టారు, కొన్నాళ్ళు కళ్ళలో పెట్టుకుని చూశారు. జ్వరం దిగింది. ఇంటికి పంపే రోజు రక్తం జబ్బులు చూసే డాక్టరమ్మ వచ్చింది. పొట్టిగా, చురుగ్గా ఉంటుందావిడ. మాట వేగం ఎక్కువ. ఒక మంచం దగ్గర చెప్పే మాట పూర్తయ్యేసరికి పక్క మంచం దగ్గర ఉంటుంది.

"వైరస్ పోయింది కానీ దాని అల్లరి కొన్నాళ్ళుంటుంది," అంది డాక్టరమ్మ. "నీ రక్తం మామూలుగానే గడ్డకట్టడానికి తొందరపడే రకం. ఇలాంటి జ్వరం వచ్చి వెళ్ళాక ఆ తొందర ఇంకా పెరుగుతుంది. ఒక్క కాలే వాచినా, ఆయాసమొచ్చినా, ఊపిరి పీలిస్తే ఛాతీలో పొడిచినట్టున్నా, ఇంకేం ఆలోచించకు, నేరుగా వచ్చెయ్. అలాగని మంచం మీదే పడుండకు. లేచి తిరుగుతుండు, నీళ్ళు తాగు."

ఆ సమయంలో బ్రేకక్క మంచం కింద రెండో చెప్పు కోసం వెతుకుతోంది. "ఊఁ," అంది. మొగుడు బయట లిఫ్టు ఆపి పట్టుకుని ఉన్నాడు. అమ్మ దుప్పటి మడుస్తోంది. అంత పెద్ద ఉపన్యాసంలో అమ్మ చెవిన పడింది 'మంచం' అన్న మాట ఒక్కటే.

ఇక ఇంటికొచ్చాక అమ్మ రాజ్యం మొదలైంది. కాలు కింద పెట్టనివ్వలేదు. అన్నం మంచం దగ్గరకే, మందులు మంచం దగ్గరకే. కిటికీ దగ్గరకి వెళ్ళి వీధి చూస్తానన్నా, "వీధి ఎక్కడికీ పోదు, పడుకో," అనేది. బ్రేకక్కకు కూడా, నిజం చెప్పాలంటే, అది హాయిగానే ఉంది. ఏడాది పొడుగునా పరాయివాళ్ళ గేర్ల గరగరలు విని విని అలసిపోయిన మనిషి. పడుకుని పైకప్పు చూస్తూ, చిన్నప్పుడు జ్వరమొస్తే బడి ఎగ్గొట్టిన రోజులు గుర్తు చేసుకుంది.

మళ్ళీ పనిలోకి దిగిన వారంలో కుడికాలి పిక్క లాగడం మొదలైంది. బ్రేకు తొక్కే కాలే కదా, ఇన్నాళ్ళు వాడక బిగుసుకుపోయి ఉంటుందనుకుంది. రోజంతా కారులో ముడుచుకు కూర్చోవడం, సాయంత్రానికి కాలు బరువెక్కడం. ఒకరోజు మొగుడు సోఫాలో ఆమె పక్కన కూర్చుని రెండు పాదాలూ మార్చి మార్చి చూశాడు. పొద్దస్తమానం జనాల ముక్కుల మీద ఏ ఫ్రేము ఎటు వంగిందో చూసే కళ్ళు అతనివి.

"ఈ కాలు ఆ కాలు కంటే లావుగా ఉంది," అన్నాడు.

"నీ కళ్ళజోడు తుడుచుకో."

"తుడుచుకునే చూశాను. డాక్టరమ్మ దగ్గరకెళ్దామా?"

"పిక్క నొప్పికి డాక్టరమ్మ దగ్గరకా? పకపకా నవ్వుతుందావిడ. నా నొప్పులతో నేను పుట్టినప్పటి నుంచీ కాపురం చేస్తున్నాను. నీతో నిన్నగాక మొన్నటి నుంచే. ఏ నొప్పి తలుపు కొడుతోందో చప్పుడు బట్టి చెప్తాను నేను."

అతను ఆ మాట అక్కడితో వదిలేశాడు. నొప్పుల విషయంలో ఆమె మాటే ఆ ఇంట్లో వేదం. ఎముకలు పిండేసే నొప్పితోనే రోజంతా పాఠాలు చెప్పి వచ్చిన మనిషికి పిక్క పట్టేయడం ఒక లెక్కా?

మర్నాడు పొద్దున్న సంగీతం టీచరు వచ్చింది. జలుబు ఎప్పుడో తగ్గింది, గొంతు గంటలా మోగుతోంది. గోడౌన్ల వెనక ఖాళీ రోడ్డు మీద పాఠం. రెండు వైపులా ఎత్తయిన రేకుల గోడలు, అక్కడక్కడా లారీలు, ఎండ బాగా కాస్తోంది. అక్కడికి బయల్దేరే ముందు, గది మెట్లు దిగి కారు దాకా వచ్చేసరికే బ్రేకక్క రొప్పింది. మొన్నటి జ్వరం నీరసం ఇంకా వదల్లేదని సర్దిచెప్పుకుంది.

"ఇప్పుడు క్లచ్ తొక్కి... రెండో గేరు వేసి... నెమ్మదిగా..."

సంగీతం టీచరు రెండో గేరు వేసింది. కొంత దూరం పోయాక కారు రోడ్డు పక్కకి తీసి ఆపేసింది. ఆవిడ తనంతట తాను, ఎవరూ చెప్పకుండా, సరిగ్గా కారు ఆపడం అదే మొదటిసారి.

"ఎందుకాపారు?"

"మీకేమైంది?" అంది సంగీతం టీచరు. "మాట మధ్యలో ఊపిరి తీసుకుంటున్నారు."

"జ్వరం... వచ్చి తగ్గింది కదా."

"పిల్లలకి నేను మొట్టమొదట నేర్పేది పాట కాదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో. 'క్లచ్ తొక్కి రెండో గేరు వేసి నెమ్మదిగా వదలండి' అని మీరు ఇన్నాళ్ళూ ఒక్క గుక్కలో అనేవారు. ఇప్పుడు మూడుసార్లు ఆగారు. పెదవులు కూడా చూడండి, రంగు తేడాగా ఉన్నాయి."

బ్రేకక్క అద్దంలో చూసుకుంది. తర్వాత, దేనికో తెలియదు, గట్టిగా ఊపిరి పీల్చి చూసింది. కుడి పక్క డొక్కల్లో సూదితో పొడిచినట్టయింది. అప్పుడు మంచం కింద చెప్పు వెతుకుతున్నప్పుడు నెత్తి మీదుగా పోయిన మాటలు ఒక్కొక్కటే వచ్చి ఎదుట నిలబడ్డాయి. ఒక్క కాలే. ఆయాసం. ఊపిరి పీలిస్తే పొడిచినట్టు. మూడూ ఉన్నాయి.

"నన్ను స్టీరింగ్ దగ్గరకి రానివ్వండి," అంది. "ఆసుపత్రికి వెళ్ళాలి."

తలుపు తీసి కాలు కింద పెట్టింది. రెండడుగులు వేసి, కారు బానెట్ పట్టుకుని నిలబడిపోయింది. పరుగెత్తుకొచ్చినట్టు గుండె కొట్టుకుంటోంది. సంగీతం టీచరు వచ్చి ఆమెను నడుం పట్టుకుని మళ్ళీ పక్క సీట్లోనే కూర్చోబెట్టి, బెల్టు పెట్టింది.

"అంబులెన్సుకి ఫోన్ చేద్దామా?"

"వాళ్ళు గోడౌన్ల సందులు వెతుక్కుంటూ వచ్చేలోపు... మనమే అక్కడుంటాం. దగ్గరే. మీరు నడపండి."

"నేనా? అగ్నిమాపక కేంద్రం ముందున్న సర్కిల్ దాటాలి."

"అవును."

"దాన్ని చూస్తేనే నాకు చెమటలు పడతాయండీ. పరీక్షలో అక్కడే రెండుసార్లూ..."

"ఈసారి పరీక్ష కాదు," అంది బ్రేకక్క. శిష్యులెవరికీ చెప్పని మాట చెప్పింది. "నాకు సికిల్ సెల్ జబ్బుంది. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లోకి పోయిందేమోనని అనుమానం. నా కాలు బ్రేకు తొక్కే స్థితిలో లేదు. కాబట్టి ఈ కారుకి ఇవాళ... మీ కాలి కిందున్న బ్రేకు ఒక్కటే దిక్కు."

సంగీతం టీచరు ముఖం పాలిపోయింది. అయినా గేరు వేసింది.

ఆ ప్రయాణాన్ని బ్రేకక్క తర్వాత ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. ప్రతిసారీ కాస్త పెంచి చెప్పేది, కానీ పెంచాల్సిన అవసరం నిజంగా లేదు. మొదటి మలుపులోనే కారు ఫుట్‌పాత్ ఎక్కి దిగింది. మార్కెట్ వీధిలో కూరగాయల బుట్టలు ఇటో చెయ్యి దూరం, అటో చెయ్యి దూరం. వెనక బస్సు వాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ఎప్పుడూ సైకిళ్ళకి దారిచ్చే మనిషి ఆ పూట ఒక నీళ్ళ ట్యాంకరుని దాటేసింది. దాటుతూ లోపల్లోపల సన్నగా కూనిరాగం తీస్తోంది. రాగం ఆగితే కారు కూడా ఆగిపోతుందని భయం కాబోలు, ఎక్కడా ఆపలేదు.

బ్రేకక్క తల సీటుకి ఆనించి ముందుకి చూస్తోంది. ఆమె కుడికాలు అలవాటుగా లేవబోవడం, బరువుగా కింద పడటం. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె కారులో ఆమె చేతిలో ఏమీ లేదు. భయపడాల్సింది సర్కిల్‌కా, తన ఛాతీకా అన్నది తేల్చుకోలేకపోయింది.

సర్కిల్ వచ్చింది. నాలుగు వైపులనుంచీ వాహనాలు. సంగీతం టీచరు ఆగింది. ఆగే ఉంది.

"ఆ లారీ పోయాక... సందు వస్తుంది," అంది బ్రేకక్క. "సందు మీకోసం... ఆగదు. వచ్చినప్పుడు తీసుకోవాలి."

"ఊపిరిలాగా," అంది సంగీతం టీచరు. లారీ పోయింది. సందు దొరికింది. తీసుకుంది.

ఆసుపత్రి ఎమర్జెన్సీ గుమ్మం ముందు కారు రెండు అంబులెన్సుల జాగాని అడ్డంగా ఆక్రమించి ఆగింది. సెక్యూరిటీ గార్డు ఈల ఊదుకుంటూ వచ్చాడు. "ఏంటమ్మా ఇది, ఇలాగేనా పెట్టేది?"

"పార్కింగ్ ఇంకా నేర్చుకోలేదండీ," అంది సంగీతం టీచరు, ఎంతో వినయంగా. "చక్రాల కుర్చీ తెస్తారా?"

అతను తెచ్చాడు.

ఆ తర్వాతంతా గబగబా జరిగిపోయింది. వేలికి క్లిప్పు, ముఖానికి ఆక్సిజన్, చేతికి సూది. సికిల్ సెల్ అని చెప్పగానే డ్యూటీ డాక్టరు రక్తం డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడ మెట్లు దిగి వచ్చింది, పిక్క నొక్కి చూసింది, ముఖం చూసింది, మాట్లాడకుండా స్కానింగ్‌కి పంపించింది. గబగబా మాట్లాడే మనిషి మాట్లాడకపోవడం చూసి బ్రేకక్కకు భయం పట్టుకుంది. మిషన్ లోపలికి జరుగుతున్నప్పుడు, "ఊపిరి బిగబట్టండి," అని ఒక గొంతు చెప్పింది. బిగబట్టడానికి ఊపిరుంటే కదా అనుకుంది. అంత భయంలోనూ నవ్వొచ్చింది.

కాలి రక్తనాళంలో గడ్డ కట్టింది. అందులోంచి ఒక ముక్క తెగి, రక్తంతో పాటు పైకి ప్రయాణం చేసి, కుడి ఊపిరితిత్తిలో ఇరుక్కుంది. పెద్దది కాదు. ఆమె వచ్చింది వేళకే. గడ్డ పెరగకుండా, కొత్తది కట్టకుండా వెంటనే మందు మొదలుపెట్టారు.

"ఇంకో రెండ్రోజులు పిక్క నొప్పే అనుకుని తిరిగుంటే?" అని మొగుడు డాక్టరమ్మని అడిగాడు. షాపు షట్టరు సగం మూసి, జేబులో ఎవరిదో కళ్ళజోడు పెట్టుకుని అలాగే పరుగెత్తుకొచ్చాడతను.

"తిరగలేదు కదా. ఆ ఊసెందుకు," అంది డాక్టరమ్మ. తర్వాత మంచం వైపు తిరిగింది. "నేనారోజు చెప్పింది విన్నావా?"

"విన్నాను. చెప్పు దొరకలేదు, అందుకని సగమే విన్నాను."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "ఇక మీదట నా మాట చెప్పులేసుకుని విను."

సాయంత్రం ఎండ కిటికీలోంచి మంచం మీద పడుతుండగా మొగుడు ఆమె పక్కన కూర్చున్నాడు. ఆక్సిజన్ సన్నగా సుయ్‌మంటోంది.

"నీకు చెప్పాను కదా, నొప్పి చప్పుడు నాకు తెలుసని," అంది ఆమె. "నొప్పులన్నీ నాకు తెలుసు. ఇది నొప్పిలా రాలేదు. మామూలు పిక్క పట్టులా, నీరసంలా, దొంగలా వచ్చింది. నా ఒళ్ళు నాకు తెలుసని ఎంత ధీమాగా ఉన్నానో. ఇవాళ కారులో నిజంగా భయమేసింది."

"నాకు నిన్ననే వేసింది," అన్నాడతను. "నువ్వు నమ్మవని ఊరుకున్నాను. ఇంకెప్పుడూ ఊరుకోను."

"పోట్లాడతావా?"

"పోట్లాడతాను. కావాలంటే మీ అమ్మని కూడా కలుపుకుంటాను."

అమ్మ అప్పుడే లోపలికి వచ్చింది, రెండు చేతుల్లోనూ రెండు నీళ్ళ సీసాలతో. వెనకే మాస్కు పెట్టుకుని సంగీతం టీచరు. కారుని ఎవరి సాయంతోనో సరైన చోట పెట్టించి, పొద్దుట్నుంచీ బయట బెంచీ మీదే కూర్చుందట. వచ్చి మంచానికి దూరంగా, గోడకి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, ఈవిడే నన్ను తీసుకొచ్చింది," అంది బ్రేకక్క.

అమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోయింది. సంగీతం టీచరు గాభరాగా అడ్డుపడింది.

"దండాలొద్దండీ. ఆ జలుబు నా దగ్గర్నుంచే వచ్చింది. అద్దాలు మూసిన కారులో కూర్చుని గంటసేపు దగ్గాను. నాకేం, ముక్కు కారి తగ్గిపోయింది. ఈవిడకి ఇంత ముంచుకొస్తుందని తెలిస్తే గడప దాటేదాన్ని కాదు."

అమ్మ చేతులు అలాగే గాలిలో ఉన్నాయి. అమ్మ కోపం సంగతి తెలిసిన అల్లుడు కుర్చీలోంచి లేవబోయాడు. కానీ అమ్మ ఆ చేతులతో కొంగు సర్దుకుంది. "లేచి తిరగమని డాక్టరమ్మ చెప్పిందట. నేను మంచం దిగనివ్వలేదు," అంది నెమ్మదిగా. "మీరు దగ్గారు, నేను పడుకోబెట్టాను. ఇదేమో తన జబ్బు చెప్పకుండా దాచుకుంది. ముగ్గురం తలో చెయ్యీ వేశాం."

"నేను కాలు చూసి కూడా ఊరుకున్నాను," అన్నాడు మొగుడు, తనని వదిలేశారన్నట్టు.

"సరే, నలుగురం," అంది అమ్మ. అందరికంటే ముందు నవ్వింది కూడా అమ్మే. నవ్వుతూనే కళ్ళొత్తుకుంది.

ఈ సంగతి విని మర్నాడు డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. ఫలానావాళ్ళ వల్లే అని ఎవరూ చెప్పలేరంది. పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటి, వైరస్ ఒకటి, కదలకుండా ఉండటం ఒకటి, అన్నీ కలిసొచ్చాయి. "తప్పు పంచుకోవడం అయిపోతే పని పంచుకోండి," అంది. రక్తం గడ్డకట్టకుండా ఉండే మాత్రలు కనీసం కొన్ని నెలలు వేసుకోవాలి, ఎన్నాళ్ళన్నది తర్వాత చూసి చెబుతుంది. ఒక్క పూట కూడా మానకూడదు. ఏడాదేడాది ఫ్లూ టీకా వేయించుకోవాలి. ఆ ఏడు వేయించుకోలేదన్న సంగతి అప్పుడు బయటపడింది. పని ఒత్తిడిలో రేపు రేపంటూ వాయిదా వేసిందట. ఈసారి మొగుడు పోట్లాడాడు, మాట నిలబెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ రాజ్యం మళ్ళీ మొదలైంది, కాకపోతే చట్టం తిరగబడింది. బ్రేకక్క కాసేపు కూర్చుంటే చాలు, "లే, నడు," అనేది. సినిమా చూస్తుంటే మధ్యలో టీవీ కట్టేసి నడిపించేది. "అప్పుడు పడుకోమన్నావు, ఇప్పుడు కూర్చోనివ్వవు. నీతో ఎలాగే అమ్మా?" అంటే, "అప్పుడు సగం విన్నాను, ఇప్పుడు మొత్తం విన్నాను," అని జవాబు. సాయంత్రాలు సంగీతం టీచరు కూడా వచ్చి కలిసేది. ముగ్గురూ పార్కు చుట్టూ నడిచేవాళ్ళు. అమ్మకీ ఆవిడకీ మాటల్లో పడితే వెనక మిగిలిపోయిన అసలు రోగి గుర్తుండేది కాదు. సంగీతం టీచరు మూడోసారి పరీక్షకెళ్ళి పాసైంది. ఆఫీసరు సర్కిల్ దగ్గర ఆమె తెగువ చూసి, ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడిగాడట.

డాక్టరమ్మ సరేనన్నాక బ్రేకక్క మళ్ళీ కారెక్కింది. ఈసారి కొన్ని మార్పులు చేసింది. రెండు పాఠాల మధ్య దిగి గోడౌన్ల చుట్టూ ఒక చుట్టు నడుస్తుంది. కారు అద్దాలు వానలో కూడా వేలెడంత తెరిచే ఉంటాయి. తుమ్ముతూ వచ్చినవాళ్ళకి మొహమాటం లేకుండా, "తగ్గాక రండి," అని చెబుతుంది. అన్నిటికంటే కష్టమైంది ఇంకొకటి. పాత శిష్యులందరినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి తన జబ్బు సంగతి చెప్పింది. చెప్పే ముందు రోజు అన్నం సహించలేదు. ఒకాయన తన కూతురిని మాన్పించేశాడు. తప్పు పట్టలేదామె, మనసు మాత్రం చివుక్కుమంది. మిగతావాళ్ళు, "మరి నీళ్ళు తాగారా?" అని అడగడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి ఆ ప్రశ్న వినీ వినీ, అమ్మ ఒక్కతే చాలదా అని తల పట్టుకుంది.

చలి మొదలయ్యే రోజుల్లో కొత్త శిష్యుడు చేరాడు. పళ్ళ డాక్టరు. భారీ మనిషి, సీటు వెనక్కి జరిపితే తప్ప పట్టలేదు. కారు తాళం తిప్పకముందే బ్రేకక్క అలవాటు ప్రకారం అంతా చెప్పేసింది. సికిల్ సెల్, కాలి గడ్డ, ఊపిరితిత్తి, మాత్రలు.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "రక్తం పలచబడే మాత్రలా? మంచిదండీ, ఎప్పుడైనా పన్ను పీకించుకోవాల్సొస్తే ముందే చెప్పండి."

"మీరు భయపడటం లేదా?"

"నేను మీకు భయపడటం లేదండీ," అన్నాడాయన స్టీరింగ్ రెండు చేతులా గట్టిగా పట్టుకుని. "ఎదురుగా ఉన్న ఆ లారీకి భయపడుతున్నాను."

"అది ఆగి ఉన్న లారీ."

"అందుకే, అది పక్కకి తప్పుకోదు కదా."

బ్రేకక్క ఒళ్ళు మరిచి నవ్వింది. ఒక్క గుక్కలో, మధ్యలో ఎక్కడా ఆగకుండా, "క్లచ్ తొక్కి మొదటి గేరు వేసి నెమ్మదిగా వదలండి," అంది. కారు రెండుసార్లు ఎగిరిపడి, లారీ వైపే బయల్దేరింది.